పడమటి ఎండ, పొద్దంతా వార్తలు: ఒక హాలుకు టీవీ ఎంపిక

విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. ఇంట్లో ఐదుగురు: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, పిల్లల తాతగారు. ఎనిమిదేళ్ల నాటి 43 అంగుళాల టీవీలో అంచులు మసకబారి, మధ్యలో తెల్లమచ్చలు తేలాయి. కొత్తదానికి 1,20,000 రూపాయలు అనుకున్నారు, బిగింపు ఖర్చుతో కలిపి. షాపులో 55 అంగుళాల ఓఎల్ఈడీ (ప్రతి పిక్సెలూ విడిగా వెలిగే తెర) చూసి దాదాపు ఖాయం చేసుకున్నారు. నల్లటి తెర మీద రంగులు అంత బాగుంటే మనసు పడకుండా ఎవరూ ఉండలేరు. అడ్వాన్సు ఇచ్చేముందు ఒకసారి హాలు చూడమని మమ్మల్ని అడిగారు. చివరికి గోడకెక్కింది వేరే టీవీ. ఎందుకు మారిందో, ఏ కొలతల మీద మారిందో ఈ కేసు.

హాలు ఉత్తర దక్షిణాలుగా 12 అడుగులు, తూర్పు పడమరలుగా 14 అడుగులు. టీవీ ఉత్తరపు గోడ మధ్యలో. ఎదురుగా దక్షిణపు గోడకు ముగ్గురు కూర్చునే సోఫా. అక్కడ కూర్చున్నవాళ్ల కళ్లకూ తెరకూ మధ్య 10 అడుగులు. తూర్పు గోడ వారన దివాన్ కాట్, అది తాతగారి చోటు. పడమర గోడలో బాల్కనీ అద్దాల తలుపు, టీవీ గోడకు 3 అడుగుల దగ్గర మొదలై 10 అడుగుల దాకా.

టీవీ ఎవరు ఎన్ని గంటలు చూస్తారో ఒక వారం రాయించాం. ఈ పని అందరూ దాటేస్తారు, అసలు నిర్ణయం మాత్రం ఇక్కడే తేలుతుంది. తెలుగు వార్తా చానళ్లు రోజుకు సగటున 7 గంటలు, సినిమాలూ సిరీసులూ రాత్రి 9 తర్వాత 2 గంటలు, శని ఆదివారాల్లో పిల్లల గేమింగ్, మ్యాచ్‌లున్న రోజుల్లో క్రికెట్. ఓఎల్ఈడీ కావాలన్న ఇంట్లో ఓఎల్ఈడీకి తగిన చూపు రోజుకు రెండు గంటలే.

హాల్లో వెలుతురు ఎంత

లక్స్ మీటర్‌ను (వెలుతురును లక్స్‌లలో కొలిచే పరికరాన్ని) తెర ఉండే చోట, తెర ఎటు చూస్తుందో అటే తిప్పిపెట్టి చదవాలి. చాలామంది హాలు మధ్యలో పైకప్పు వైపు తిప్పి కొలుస్తారు. ఆ అంకె ఎందుకూ పనికిరాదు. ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకు, పల్చటి కర్టెన్ పక్కకు లాగి ఉండగా 620 లక్స్. మందపాటి కర్టెన్‌కు బదులుగా దుప్పటి అడ్డంగా కట్టి చూస్తే 120. రాత్రి మూలనున్న చిన్న దీపం ఒక్కటే వెలుగుతుంటే 4.

తెర మీద పడ్డ వెలుతురులో కొంత తిరిగి కంటికి వస్తుంది. మామూలు తెర ఆ వెలుతురులో 2 శాతాన్ని నలువైపులా చెదరగొడుతుందని అనుకుంటే లెక్క సులువు: లక్స్‌ను 0.02తో గుణించి 3.14తో భాగించాలి. 620 లక్స్‌కు దాదాపు 4 నిట్స్ (తెర కాంతికి కొలత) వస్తుంది. అంటే తెర మీద నలుపు అన్నది ఏదీ 4 నిట్స్ కంటే కిందికి దిగదు. పిక్సెల్ పూర్తిగా ఆరిపోయినా అంతే.

పోటీలో మూడు నిలిచాయి. 55 అంగుళాల ఓఎల్ఈడీ. 65 అంగుళాల మినీ ఎల్ఈడీ (తెర వెనకంతా చిన్న దీపాలు గుంపులుగా ఉండేది), వీఏ ప్యానెల్‌ది. 65 అంగుళాల మామూలు ఎల్ఈడీ, ఐపీఎస్ ప్యానెల్‌ది. వీఏ, ఐపీఎస్ అన్నవి ఎల్‌సీడీ తెరల్లో రెండు రకాలు, తేడా కింద వస్తుంది. వార్తల్లాంటి తెల్లటి నిండు దృశ్యంలో మినీ ఎల్ఈడీ 450 నిట్స్ దాకా ఇస్తుంది, ఐపీఎస్ 280, ఓఎల్ఈడీ 170. ఓఎల్ఈడీకి చిన్న చోట వెయ్యి నిట్స్ ఇవ్వడం కష్టం కాదు. తెరంతా వెలగాల్సి వస్తే మాత్రం కరెంటునూ వేడినీ అదుపులో ఉంచడానికి టీవీయే తనంతట తాను కాంతి తగ్గించుకుంటుంది. షాపులో చూపించే వీడియోల్లో నల్లటి నేపథ్యం మీద ఒక పువ్వో చేపో ఉంటుంది కనుక ఈ సంగతి అక్కడ బయటపడదు.

ఇప్పుడు తెలుపును నలుపుతో భాగించండి (ఎల్ఈడీ తెరలు నలుపులోనూ కాస్త వెలుగు వదులుతాయి, దాన్నీ నలుపుకు కలిపి). నాలుగున్నర ఎండలో మినీ ఎల్ఈడీ కాంట్రాస్టు 110:1. ఐపీఎస్ 65:1. ఓఎల్ఈడీ 43:1. షాపులో అన్నింటికంటే నల్లగా కనబడ్డ తెరే ఈ హాల్లో సాయంత్రం అన్నింటికంటే వెలిసిపోయినట్టు ఉంటుంది. అదే దుప్పటి కట్టిన 120 లక్స్ దగ్గర మినీ ఎల్ఈడీ 530, ఐపీఎస్ 270, ఓఎల్ఈడీ 220. రాత్రి 4 లక్స్‌లో, తెలుపును 120 నిట్స్‌కు దించి చూస్తే కథ తిరగబడుతుంది: ఓఎల్ఈడీ 4,700, మినీ ఎల్ఈడీ డిమ్మింగ్ (నల్లటి చోట వెనక దీపాలను తగ్గించడం) లేకుండానే 2,400, ఐపీఎస్ 830.

ఈ అంకెల్లో టీవీ కంటే ముందు కనబడాల్సింది కర్టెన్. సాయంత్రం వేళ ఏ టీవీకైనా కాంట్రాస్టును నాలుగైదు రెట్లు పెంచింది అదే. టీవీల మధ్య తేడా మహా అయితే రెండున్నర రెట్లు. అందుకే బడ్జెట్లో మొదట పక్కన పెట్టిన డబ్బు కర్టెన్లకు.

ఓఎల్ఈడీలోనూ రెండు రకాలు. 2022లో వచ్చిన క్వాంటమ్ డాట్ రకానికి రంగులు మరింత చిక్కన, కానీ దాని ముందు బయటి వెలుతురును మింగేసే పోలరైజర్ పొర ఉండదు. గదిలో వెలుతురు పడితే నలుపు బూడిదరంగుకు తిరిగి కొంచెం వంకాయరంగు కొడుతుంది. ఇలాంటి హాలుకు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

లోగో, స్క్రోలింగ్, ప్లగ్ స్విచ్

తెలుగు వార్తా చానల్ తెరను ఒకసారి నిదానంగా చూడండి. కింద రెండు వరసల స్క్రోలింగ్, ఎర్రటి పట్టీ మీద తెల్లటి అక్షరాలు. మూలన చానల్ లోగో. పక్కన టైము, దాని కింద ప్రకటన పెట్టె. నాయకుడు మారతాడు, ఊరు మారుతుంది, ఆ పట్టీ మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా కదలదు. రోజుకు 7 గంటలంటే ఏడాదికి 2,555 గంటలు, మూడేళ్లకు 7,665.

ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తన వెలుగు తానే ఇస్తుంది. వెలిగినకొద్దీ ఆ సేంద్రియ పదార్థం అరుగుతుంది. తెరంతా ఒకేలా అరిగితే కంటికి తెలియదు. ఎర్ర పట్టీ చోట ఎక్కువ అరిగితే, సినిమాలో నీలాకాశం వచ్చినప్పుడు కింద ఆ పట్టీ నీడలా తేలుతుంది. ప్లాస్మా టీవీల రోజుల్లో ఫాస్ఫర్ అరుగుదలతో చూసిందీ ఇదే. ఆర్‌టింగ్స్ అనే పరీక్షా సంస్థ 2018లో ఆరు ఓఎల్ఈడీలను రోజుకు 20 గంటల చొప్పున నడిపింది. వార్తా చానల్‌ను ఎక్కువ కాంతిలో నడిపిన దానిలో మచ్చలు స్పష్టంగా పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన ప్యానెళ్లు మెరుగే. అయినా రోజుకు ఏడు గంటలు ఒకే పట్టీ అన్నది వాటికీ మంచి వాడకం కాదు. పైగా ఇలా పడ్డ మచ్చ మామూలుగా వారంటీ కిందికి రాదు. కొనేముందు ఆ కార్డులో మినహాయింపుల పేరా చదివి తీరాలి.

మన ఇళ్లలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. ఓఎల్ఈడీ టీవీ అరుగుదలను తనే కొలుచుకుని సరిచేసుకుంటుంది. మొత్తం సుమారు 4 గంటలు నడిచాక, రిమోట్‌తో ఆపినప్పుడు, స్టాండ్‌బైలో ఉండగా కొన్ని నిమిషాలు ఆ పని జరుగుతుంది. రిమోట్ నొక్కిన వెంటనే ప్లగ్ దగ్గర స్విచ్ కూడా కట్టేస్తే ఆ పని మొదలే కాదు. కరెంటు వృథా కాకూడదని, ఉరుముల భయంతో, రాత్రి స్విచ్ కట్టేసి పడుకోవడం మన దగ్గర ఇంటింటి అలవాటు. ఈ ఇంట్లోనూ అంతే. స్విచ్ కట్టేది తాతగారే. ముప్ఫై ఏళ్ల అలవాటును మానమని చెప్పి, దాని మీద లక్ష రూపాయల తెర భద్రతను ఆనించడం సరైన సలహా కాదు.

మధ్యేమార్గం ఒకటి ఆలోచించారు: హాల్లో ఓఎల్ఈడీ, తాతగారి గదిలో వార్తలకు చిన్న టీవీ. ఆయన ఒక్కమాటలో తేల్చేశారు. "నేనొక్కణ్ణీ గదిలో కూర్చుని చూడనురా, వచ్చేపోయేవాళ్లు కనబడాలి." దాంతో ఓఎల్ఈడీ పక్కకు తప్పుకుంది.

ఇదే కుటుంబం వార్తలు రోజుకు గంటా రెండు గంటలే చూసి, హాలు తూర్పు ముఖమై, టీవీ ఎక్కువగా రాత్రిపూటే నడిచేదైతే, పది అంగుళాలు తక్కువ తెరైనా ఓఎల్ఈడీయే కొనమని చెప్పేవాళ్లం. మంచి చీకటి గదిలో, ఈ ధరల్లో దానికి సాటి వచ్చే తెర లేదు.

దివాన్ కాట్ సమస్య

మిగిలినవి రెండూ ఎల్‌సీడీలే. 'క్యూఎల్ఈడీ' అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్నా లోపల ఉండేది ఎల్‌సీడీ తెర, వెనక నీలి ఎల్ఈడీలు, మధ్యలో క్వాంటమ్ డాట్ పొర. ఆ పొర రంగును బాగుచేస్తుంది, నలుపును కాదు. నలుపు ఎలా ఉంటుందన్నది ప్యానెల్ వీఏనా ఐపీఎస్సా, వెనక దీపాలు ఎలా అమర్చారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

వీఏ నలుపు బాగుంటుంది, పక్క నుంచి చూస్తే రంగు వెలుస్తుంది. 20, 25 డిగ్రీలు దాటాక ముఖాలు పాలిపోవడం మొదలు. ఐపీఎస్ పక్క నుంచి బాగుంటుంది, రాత్రి సినిమాలో నలుపు బూడిద. దివాన్ మీద తాతగారి తల టీవీ గోడకు 6 అడుగులు, తెర మధ్య గీతకు పక్కగా 6 అడుగులు. సరిగ్గా 45 డిగ్రీలు. షాపువాళ్లు ఐపీఎస్ తీసుకోమన్నది ఇందుకే, ఆ మాటలో తప్పులేదు.

కాగితం మీద గీసి చూస్తే ఇంకొకటి తేలింది. అద్దానికి తగిలిన వెలుతురు ఎంత కోణంలో వస్తే అంతే కోణంలో అటువైపు పోతుంది. తూర్పున 45 డిగ్రీల నుంచి చూసేవారికి తెరలో కనబడేది పడమరన 45 డిగ్రీల దగ్గర ఉన్నది. అంటే పడమర గోడ మీద టీవీ గోడకు 7 అడుగుల చోటు, బాల్కనీ తలుపు నడిమధ్య. పాత టీవీలో "సాయంత్రం బొమ్మ కనబడదు" అని తాతగారన్నది చూపు మందగించి కాదు. ఆ సీటు నుంచి తెరలో ఎండ కనబడుతోంది. ఐపీఎస్ కొన్నా ఆ ఎండ అక్కడే ఉంటుంది.

దివాన్‌ను గోడ వెంబడే 3 అడుగులు వెనక్కి జరిపితే కోణం 34 డిగ్రీలకు దిగుతుంది. తెరను తూర్పుకు 10 డిగ్రీలు తిప్పితే ఆయనకు మిగిలేది 24. అప్పుడు తెరలో ఆయనకు కనబడేది పడమటి తలుపు కాదు, సోఫా వెనక గోడ. రెండు రోగాలకూ ఒకటే మందు. దీనికి నష్టమూ ఉంది: సోఫాలో పడమటి చివర కూర్చున్నవారికి కోణం 17 నుంచి 27కు పెరుగుతుంది. రాత్రి సినిమాకు తెరను చేత్తో నేరుగా తిప్పుకుంటే సరి. అందుకని గోడకు అతుక్కుని ఉండే బిగింపు కాకుండా, కదిలే ఆర్మ్ తీసుకోవాలని తేలింది. వీఏ మినీ ఎల్ఈడీ అలా గెలిచింది.

సైజు సంగతి క్లుప్తంగా. 10 అడుగులంటే 120 అంగుళాలు. 4కె సినిమాకు తెర కొలతకు ఒకటిన్నర రెట్ల దూరం బాగుంటుంది. 65కు 97 అంగుళాలు, 55కు 82. కాబట్టి ఈ హాలుకు 65 కూడా పెద్దదేం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పెద్ద సైజు అందుబాటులోకి రావడానికి అది కొంత కలిసొచ్చింది.

షాపులో ఏం చూశాం

పెన్‌డ్రైవ్‌లో ఐదు ఫైళ్లు తీసుకెళ్లాం: 5 శాతం బూడిద తెర, 50 శాతం బూడిద తెర, నల్లటి తెర మీద మెల్లగా కదిలే చిన్న తెల్లచుక్క, నల్లటి దృశ్యం మీద తెల్ల సబ్‌టైటిల్, పావుగంట వార్తల రికార్డింగ్. ముందుగా పిక్చర్ మోడ్‌ను 'వివిడ్' నుంచి 'సినిమా' లేదా 'ఫిల్మ్‌మేకర్' మోడ్‌కు మార్పించాలి. వివిడ్‌లో తెలుపు నీలం కొడుతుంది, అన్ని టీవీలూ బాగానే కనబడతాయి.

50 శాతం బూడిదలో మురికి మరకల్లా కనబడే పట్టీలుంటే, క్రికెట్‌లో కెమెరా గ్రౌండ్ మీద తిరిగినప్పుడు అవే కనబడతాయి. డబ్బా విప్పిన టీవీలో కూడా ఇదే చూడాలి, ఎందుకంటే ఒకే మోడల్లో ఒక్కో పీసు ఒక్కోలా ఉంటుంది.

తెల్లచుక్క పరీక్ష అన్నింటికంటే ఎక్కువ చెబుతుంది. చుక్కతోపాటు తెర పైనుంచి కిందిదాకా నిలువు పట్టీ వెలిగితే అది ఎడ్జ్-లిట్, అంటే దీపాలు అంచుల్లోనే ఉన్నది. చుక్క చుట్టూ చిన్న వెలుగు గూడు మాత్రమే కదిలితే వెనకంతా జోన్లు (విడివిడిగా వెలిగి ఆరే దీపాల గుంపులు) ఉన్నట్టు. చుక్క ఒక గూడు నుంచి పక్క గూటికి దాటడం లెక్కపెడితే జోన్లు ఎన్నో తెలిసిపోతుంది. డబ్బా మీద చాలామంది రాయరు. ఇక్కడ అడ్డంగా 24, నిలువుగా 16 వచ్చాయి, మొత్తం 384. తెర 144 సెం.మీ. వెడల్పు, 81 ఎత్తు. ఒక్కో జోన్ 6 సెం.మీ. వెడల్పు, 5 ఎత్తు, అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెలూ ఒక జోనే, 83 లక్షలు. సబ్‌టైటిల్ చుట్టూ కనబడే తెల్లటి పొగకు కారణం ఈ తేడాయే.

ప్యానెల్ వీఏనా ఐపీఎస్సా అన్నది సేల్స్‌మన్ మాట మీద నమ్మక్కర్లేదు. తెర మీద తెలుపు వేసి ఫోన్ మాక్రో కెమెరాతో దగ్గరగా ఫొటో తీయండి. పిక్సెళ్లు బాణం ములుకుల్లా వంగి ఉంటే ఐపీఎస్ రకం, నిటారు గళ్లలా ఉంటే వీఏ. ఒకే మోడల్ పేరుతో 55 ఒక రకం, 65 ఇంకొక రకం ఉండటం మామూలే, కాబట్టి కొనే సైజులోనే చూడాలి.

ఎడ్జ్-లిట్‌ను ఎంత చవకైనా వద్దన్నాం. అంచునున్న కొద్దిపాటి ఎల్ఈడీల వేడంతా ఒకేచోట చేరి, వెలుతురును తెరంతా పరిచే లైట్ గైడ్ పలక వంగుతుంది, వెనక షీట్ ముడతలు పడుతుంది. వాళ్ల పాత టీవీ విప్పి చూస్తే కింది అంచున ఆ ముడతలే ఉన్నాయి. బెజవాడ మే నెలలో రోజంతా నడిచే టీవీకి అది త్వరగా వచ్చే జబ్బు.

బిగింపు

టీవీ బరువు 22 కిలోలు. ఆర్మ్‌ను 40 సెం.మీ. బయటికి లాగితే, పైబోల్టులకూ ప్లేటు కింది అంచుకూ 20 సెం.మీ. దూరం ఉన్నచోట, పైబోల్టుల మీద లాగుడు 44 కిలోలు. గోడ ఇటుకది కాదు, తేలికపాటి బ్లాకులది. మామూలు 8 మి.మీ. ప్లాస్టిక్ ప్లగ్ (స్క్రూ పట్టే గొట్టం) అందులో పట్టదు. మొదట గట్టిగానే ఉంటుంది, నాలుగుసార్లు తెర తిప్పాక వదులవుతుంది. 19 మి.మీ. ప్లైవుడ్ పలక, 60×45 సెం.మీ., ఆరు చోట్ల 10×100 మి.మీ. నైలాన్ ఫ్రేమ్ యాంకర్లతో గోడకు, ఆర్మ్ ఆ పలకకు. డ్రిల్‌ను హ్యామర్ మోడ్‌లో పెట్టకూడదు, ఈ బ్లాకులో కన్నం పొడి రాలి వెడల్పవుతుంది. తెర మధ్యభాగం నేల నుంచి 44 అంగుళాలు. ఇంకా పైకి పెట్టమని కార్పెంటర్లు అంటారు. వీఏను కింద నుంచి చూసినా రంగు వెలుస్తుంది.

ఖర్చు: టీవీ 94,000, ఆర్మ్ 4,800, రెండు పొరల కర్టెన్లు 11,500, ప్లైవుడ్ పలకా కూలీ 2,200. మొత్తం 1,12,500.

సెట్టింగులు, మూడు నెలల తర్వాత

పగటికి ఒక మోడ్, రాత్రికి ఒకటి. పగలు బ్యాక్‌లైట్ 80, లోకల్ డిమ్మింగ్ హై. రాత్రి బ్యాక్‌లైట్ 25, డిమ్మింగ్ మీడియం. హైలో ఉంచితే సబ్‌టైటిల్ వచ్చిపోయినప్పుడల్లా నల్లటి పట్టీ వెలిగి ఆరుతుంది. రెండింటికీ కలర్ టెంపరేచర్ 'వార్మ్'. మొదటి రెండు రోజులు పసుపు అనిపిస్తుంది, మూడో రోజుకు కన్ను అలవాటు పడుతుంది.

వారం తిరక్కుండానే వచ్చిన మొదటి ఫిర్యాదు: "పాత టీవీలోనే వార్తలు బాగుండేవి." నిజమే. ఆ చానళ్లు డీటీహెచ్‌లో ఎస్‌డీలో (తక్కువ స్పష్టతలో) వస్తున్నాయి, ఆ బొమ్మను 43 నుంచి 65కు సాగదీశాం. షార్ప్‌నెస్ 50 నుంచి 10కి దించి, నాయిస్ రిడక్షన్ మీడియంలో పెట్టి, సెట్‌టాప్ బాక్స్ అవుట్‌పుట్‌ను 720పి నుంచి 1080ఐకి మార్చితే అక్షరాల చుట్టూ తెల్లగీతలు పోయాయి. హెచ్‌డీ దొరికే చానళ్లను హెచ్‌డీకి మార్పించాం. అంతకుమించి ఏ టీవీ కూడా లేని వివరాన్ని పుట్టించలేదు.

రెండోది క్రికెట్. బౌండరీకి వెళ్లే బంతి మధ్యలో మాయమవుతోంది. మోషన్ స్మూతింగ్ ఫ్రేముల మధ్య బొమ్మలు కల్పించేటప్పుడు చిన్న బంతిని పోల్చుకోలేక వదిలేస్తుంది. దాని సెట్టింగుల్లో డీ-జడ్డర్ 0, డీ-బ్లర్ 3 దగ్గర పెడితే సరిపోయింది.

మూడోది సాయంత్రం పూట తెర ఉన్నట్టుండి మసకబారడం. కర్టెన్ వేయగానే ఎకో సెన్సార్ గదిని చీకటి అనుకుని బ్యాక్‌లైట్ సగానికి దించేస్తోంది. దాన్ని ఆపేసి, మోడ్ మార్చే పనిని రిమోట్ మీది ఒక బటన్‌కు కట్టాం.

మూడు నెలలకు వెళ్లినప్పుడు ఆర్మ్ బోల్టులు పావు చుట్టు కూడా తిరగలేదు, యాంకర్లు కదల్లేదు. 50 శాతం బూడిద తెర వేస్తే బిగించిన రోజు తీసిన ఫొటోకూ దీనికీ తేడా లేదు. ఇదే ఫొటో ఏడాదికొకసారి తీసి పోల్చాలి. బ్యాక్‌లైట్‌లో ఒక స్ట్రిప్ బలహీనపడుతుంటే టీవీ ఆగిపోకముందే అక్కడ బయటపడుతుంది. తాతగారి కొడుకు, రాత్రి సినిమాల్లో నక్షత్రాల దృశ్యం వచ్చినప్పుడు చుట్టూ పొగ కనబడుతోందని చెప్పారు. అది ఉంటుందని ముందే చెప్పాం, 384 జోన్లతో అది పోదు. తాతగారు సాయంత్రం నాలుగున్నరకు దివాన్ మీదే ఉన్నారు, కర్టెన్ సగం తీసి ఉంది, కింది పట్టీలోని అక్షరాలు ఆ చోటు నుంచి పైకి చదివి వినిపించారు.